రెండు పలకలా, ఒక్క పలకా? మంచు మీద మొదటిసారి కాలు పెట్టేవారికి

వచ్చే పుష్యమాసంలో మా ఇంటి నుంచి ఇద్దరు కాశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్తున్నారు. ఒకడు మా అక్క కొడుకు. ఒడిశాలోని రాయగడలో పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాడు. ఇంకొకరు మా అన్నయ్య కూతురు, విశాఖలో నర్సు. దసరాకి ఇద్దరూ మా ఇంటికి వచ్చినప్పుడు మొదలైన వాదన ఇప్పటికీ ఫోన్లలో నడుస్తూనే ఉంది. వాడు రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టుకుని మంచు మీద జారే స్నోబోర్డే నేర్చుకుంటానంటాడు. అన్నయ్య కూతురు కాలికో పలక కట్టుకుని జారే స్కీయింగే నయమంటుంది. నాలుగేళ్ల కిందట గుల్మార్గ్‌లో వారం రోజులు స్కీయింగ్ నేర్చుకుని వచ్చాను కాబట్టి తీర్పు చెప్పే పని నా మీద పడింది.

"రెండింట్లో ఏది ఈజీయో చెప్పు పిన్నీ, అదే నేర్చుకుంటాం" అన్నాడు వాడు.

ఎవరిని అడిగినా ఈ ప్రశ్నకు ఒకే జవాబు వస్తుంది. స్కీయింగ్ మొదలుపెట్టడం తేలిక, చెయ్యి తిరగడం కష్టం. స్నోబోర్డింగ్ మొదట్లో కష్టం, తర్వాత తేలిక. ఈ మాట నిజమే. కానీ ప్రతి చలికాలం, ప్రతి ఆదివారం కొండకు వెళ్లగలిగే ఊళ్లలో పుట్టిన మాట అది. రాయగడ నుంచో, జయపురం నుంచో, బరంపురం నుంచో బయల్దేరేవాళ్లం బతుకులో ఒకసారి, మహా అయితే రెండుసార్లు వెళ్తాం. అందుకే నేను వాళ్లిద్దరినీ వేరే రెండు ప్రశ్నలు అడిగాను. మంచు మీద మీకు నికరంగా ఎన్ని రోజులు దొరుకుతాయి? మీ ఒంట్లో ఏ భాగానికి దెబ్బ తగిలితే మీ పని ఆగిపోతుంది? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఏ పలక ఎంచుకోవాలో దానంతట అదే తేలుతుంది.

ముందుగా మంచు సంగతి చూద్దాం. తెలుగులో తెల్లారి కళ్లకు అడ్డం పడేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, కాశ్మీర్‌లో ఆకాశం నుంచి రాలేదీ మంచే. పక్కింటి ఒడియావాళ్లకు ఈ చిక్కు లేదు. పొగమంచు వాళ్లకు కుహుడి, ఆకుల మీది తడి కాకర, గడ్డకట్టినది బరఫ. చలికాలంలో ఒడిశా కొండల్లోని దారింగ్‌బాడి వెళ్లి గడ్డి మీద పేరుకున్న తెల్లని పొరను చూసి వచ్చినవాళ్లు మంచు చూశామనే చెప్పుకుంటారు. వాళ్లు చూసింది రాత్రి చలికి బిగుసుకున్న పలచని పొర. దాని మీద ఏ పలకా జారదు.

కొండ మీద రాలే మంచులోనూ రకాలున్నాయి. కొత్తగా కురిసిన మంచు పిండిలా ఉంటుంది, పడినా దూది మీద పడ్డట్టే. పగలు ఎండకు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన మంచు పొద్దున్నే గచ్చులా ఉంటుంది. మధ్యాహ్నానికి అదే ఉప్పుముద్దలా మెత్తబడి కాళ్లను పట్టేస్తుంది. ఏ రోజు ఏ మంచు ఉందన్నది ఈ ఎంపికలో చాలా పెద్ద విషయం. ఎందుకంటే బోర్డు మొదటి రెండు రోజుల్లో మనిషిని చాలాసార్లు పడేస్తుంది, అదీ వెనక్కి కూలబడేలా. మెత్తటి మంచులో అది పెద్ద విషయం కాదు. గచ్చులాంటి మంచు మీద పదోసారి కూలబడేసరికి తుంటి ఎముక పేరు చెప్పి ఏడవాలనిపిస్తుంది.

ఇక పలక ఎలా పనిచేస్తుందో చూద్దాం. స్కీకైనా బోర్డుకైనా రెండు వైపులా ఉక్కు అంచు ఉంటుంది. పలకను చదునుగా ఆనిస్తే కిందకి జారిపోతుంది. కాస్త పక్కకు వంచి అంచును మంచులోకి దించితే అది మంచును కొరికి పట్టుకుంటుంది. జారడం, తిరగడం, ఆగడం మూడూ అంచును ఎంత వంచామన్న దాని మీదే ఆధారపడతాయి. తేడా ఏమిటంటే స్కీయింగ్‌లో మనకు నాలుగు అంచులు, రెండు విడి కాళ్లు ఉంటాయి. స్నోబోర్డులో రెండే అంచులు, రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టేసి ఉంటాయి. మిగతా తేడాలన్నీ ఇందులోంచి వచ్చినవే.

రెండు విడి పలకలుంటే మొదటి గంటలోనే ఒక ఉపాయం చేతికొస్తుంది. ముందు కొనలు దగ్గర చేసి, వెనక కొనలు ఎడంగా తోసి, మోకాళ్లు కొంచెం లోపలికి వంచితే రెండు పలకల లోపలి అంచులూ ఒకేసారి మంచును పడతాయి. వేగం తగ్గుతుంది, ఇంకా వెడల్పు చేస్తే ఆగిపోతాం. దీన్ని స్నోప్లౌ అంటారు. ముఖం ముందుకే ఉంటుంది, ఎటు పోతున్నామో కనిపిస్తుంది, చేతుల్లో రెండు కర్రలుంటాయి, తూలితే ఒక కాలు పక్కకు వేసుకోవచ్చు. మూడు నాలుగు రోజులకల్లా చిన్న వాలు మీద ఎవరూ పట్టుకోకుండా దిగిరావడం చాలామందికి సాధ్యమే. నాకూ అలాగే వచ్చింది.

దీన్లో ఒక్కటే ఒంటికి పట్టని విషయం. వాలు చూడగానే మనం వెనక్కి వాలతాం. నాగావళి ఒడ్డున హాతీపథర్ బండల మీద నుంచి దిగేటప్పుడు చిన్నప్పటి నుంచీ చేస్తున్నది అదే, అక్కడ అది సరైనదే. స్కీ మీద వెనక్కి వాలితే పలకల ముందు భాగం మీద బరువు తగ్గి అవి మాట వినవు. ఇంకా వేగంగా లాక్కుపోతాయి. భయం వేసినప్పుడు ముందుకు వంగాలి, పిక్క ముందుభాగం బూటు నాలుకకు నొక్కుకోవాలి. దీనికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంకో సంగతి, ఎడమకు తిరగాలంటే కుడికాలి మీద బరువు వెయ్యాలి. చెప్పగానే నమ్మబుద్ధి కాదు. కాలికి తెలిశాక మళ్లీ మరచిపోదు.

స్కీయింగ్‌లో అసలు కష్టం తర్వాత వస్తుంది. స్నోప్లౌ వదిలేసి రెండు పలకలూ జోడుగా ఉంచి తిరగడం నేర్చుకోవడానికి చాలామందికి మరో రెండు మూడు సీజన్లు పడుతుంది. కొందరు స్నోప్లౌలోనే ఉండిపోతారు. వారం రోజులకు వెళ్లేవాళ్లకు ఆ మెట్టు ఎటూ చేతికి అందదు కాబట్టి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక బోర్డు. మొదటి రోజు చాలాసేపు మంచులో కూర్చునే ఉంటారు. పక్కకు తిరిగి నిలబడాలి, ఏ కాలు ముందుండాలో ముందు తేల్చుకోవాలి. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ. సాక్సులతో నున్నటి గచ్చు మీద పరుగెత్తి జారి చూడండి, దానంతట అదే ఏ కాలు ముందుకు వెళ్తుందో చాలామందిలో ఆ కాలే ముందు. తర్వాత మడమ అంచు మీద నిలబడి, లోయ వైపు చూస్తూ, బోర్డును వాలుకు అడ్డంగా పెట్టి మెల్లగా కిందకి జారాలి. అది వచ్చాక అదే అంచు మీద ఎడమకూ కుడికీ ఊగుతూ దిగాలి. చెట్టు మీంచి ఎండుటాకు రాలేటప్పుడు ఎలా ఊగుతుందో అలాగే ఉంటుంది, ఆ పాఠానికి రాలే ఆకు అనే పేరు కూడా ఉంది. ఆ తర్వాత వేళ్ల అంచు. ఇప్పుడు ముఖం కొండ వైపు, వీపు లోయ వైపు. ఎటు జారుతున్నామో కనపడదు. చాలామందికి గుండె జారేది ఇక్కడే.

బోర్డు మీద దెబ్బలు ఎక్కువగా ఒకే పొరపాటు వల్ల తగులుతాయి. పలక చదునుగా ఉండి, లోయ వైపు అంచు పొరపాటున మంచును పట్టిందంటే తూలే సమయం కూడా ఉండదు. కాళ్లు రెండూ కట్టేసి ఉంటాయి కాబట్టి అడుగు వేసి నిలదొక్కుకోలేం. మనిషి మొత్తం ఒక్క దెబ్బకు నేలకు కొట్టుకుంటాడు. వాలు మరీ తక్కువగా, దాదాపు చదునుగా ఉన్నచోటే ఇది ఎక్కువ. చదునుగా ఉంటే భయం ఉండదనుకుంటాం, స్కీలకు ఆ మాట నిజం, బోర్డుకు మాత్రం కొంచెం వాలు ఉన్నచోటే అంచు మీద నిలబడటం సులువు. గుల్మార్గ్ అంటేనే పెద్ద పచ్చికబయలు. కింద కొత్తవాళ్లకు నేర్పే చోట్లలో వాలు చాలా తక్కువ. అవి స్కీలకు అనువైనవి. బోర్డు మీదివాళ్లు అక్కడ మధ్యమధ్యలో ఆగిపోతారు, ఒక కాలు విప్పుకుని నేలను తన్నుకుంటూ నడవాలి. స్కీ మీదివాళ్లు కర్రలతో తోసుకుంటూ పోతారు. తాడు లాగే లిఫ్టుల్లోనూ అంతే, స్కీ మీద ముఖం ముందుకు పెట్టి నిలబడితే చాలు, బోర్డుతో వెనక కాలు విప్పి పక్కకు తిరిగి పైదాకా వెళ్లడమే ఒక పాఠం.

ఈ కష్టమంతా దాటితే బోర్డులో ఒక వరం ఉంది. మూడో రోజో, నాలుగో రోజో మడమ అంచు నుంచి వేళ్ల అంచుకు, మళ్లీ మడమ అంచుకు మారడం కుదిరిన క్షణం నుంచి ముందుకు పోవడం వేగంగా ఉంటుంది. స్కీ మనిషి ఇంకా స్నోప్లౌలో దిగుతుండగానే బోర్డు మనిషి సాఫీగా ఒంపులు తిరుగుతూ కనిపిస్తాడు. కొత్తమంచులో బోర్డు తేలే తీరు చూస్తే నాకే అసూయ వేసింది. మా వాడు ఫోన్లో చూసి మనసు పారేసుకున్న వీడియోలన్నీ అలాంటివే. వాటిలో చాలావరకు గుల్మార్గ్ గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, రెండో దశలో చేరే అఫర్‌వాట్ కొండ మీద, దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో తీసినవి. హిమపాతాలు విరుచుకుపడే వాలు అది. మొదటి వారం నేర్చుకునేవాళ్లు కిందే, 2,650 మీటర్ల దగ్గరే ఉండాలి. మన ఒడిశాలోని దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. కింద నేర్పే చోటు కూడా దానికన్నా సుమారు వెయ్యి మీటర్లు పైన ఉంది, మొదటి రోజు ఆయాసం రావడం మామూలే.

దెబ్బల సంగతి దాచకుండా చెప్పాలి. స్కీయింగ్‌లో ఎక్కువగా పోయేది మోకాలు. పొడుగాటి పలక ఒక గునపంలా పనిచేస్తుంది. పడేటప్పుడు అది మెలిపడితే ఆ బలమంతా మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ల మీదకు వస్తుంది. అందుకే బూటును పలకకు బిగించే స్కీ బైండింగులు ఒక బలం దాటాక బూటును వదిలేసేలా ఉంటాయి. ఎంత బలానికి వదలాలన్నది మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీకు ఎంత వచ్చు అన్నదాన్ని బట్టి బిగిస్తారు. అద్దె కౌంటర్ దగ్గర బరువు తగ్గించి, అనుభవం పెంచి చెప్పకండి. నాకు అద్దెకిచ్చిన చోట ఇవేవీ అడక్కుండా ఒక సైజు పెద్ద బూట్లు ఇచ్చి పంపేశారు. రెండు రోజులకు పిక్కలు కమిలిపోయాయి, మూడో రోజు పడినప్పుడు స్కీ ఊడలేదు. మోకాలు పట్టేసి ఒక రోజు గదిలోనే ఉండిపోయాను. అడగకపోతే మనమే అడిగి బిగింపించుకోవాలని అప్పుడు తెలిసింది. కర్ర పట్టీని బొటనవేలికి చుట్టుకుని పడితే ఆ వేలి మొదట్లో లిగమెంట్ తెగుతుంది. ఇది ఎంత మామూలంటే దానికి స్కీయర్ థంబ్ అనే పేరే ఉంది.

స్నోబోర్డులో బైండింగులు ఊడవు. రెండు కాళ్లూ ఒకే దిక్కులో కట్టి ఉంటాయి కాబట్టి మోకాలు మెలిపడటం తక్కువ. ఆ దెబ్బ పైకి పోతుంది. మణికట్టు, భుజం, తుంటి, తల వెనక భాగం. పడేటప్పుడు చెయ్యి చాపి ఆపుకోవాలనిపిస్తుంది, ఆ చాపిన చేతి మణికట్టే విరుగుతుంది. కొత్తవాళ్లలో ఇది ఎక్కువ. పిడికిలి బిగించి ముంజేతుల మీద పడటం నేర్పుతారు. మణికట్టుకు గార్డులు వేసుకుంటే ముప్పు బాగా తగ్గుతుంది. హెల్మెట్ రెండింటికీ తప్పదు.

ఇప్పుడు నా రెండో ప్రశ్న ఎందుకో అర్థమై ఉంటుంది. రోజుకు పది గంటలు వార్డులో నిలబడి తిరిగే నర్సుకు మోకాలు అన్నం పెడుతుంది. కెమెరా పట్టేవాడికి, బరంపురం పట్టు నేసేవారికి, కుట్టుమిషన్ మీద కూర్చునేవారికి, కంప్యూటర్ మీద పనిచేసేవారికి మణికట్టు అన్నం పెడుతుంది. ఒక్క దీన్నే చూస్తే మా అన్న కూతురు బోర్డు ఎక్కాలి, మా అక్క కొడుకు స్కీలు వేసుకోవాలి. ఇద్దరూ కోరుకున్నదానికి సరిగ్గా తిరగబడింది. ఆ మాట చెప్పినప్పుడు ఫోన్‌లో కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు.

కానీ మొదటి ప్రశ్న కూడా తూకంలో వెయ్యాలి. ఇద్దరికీ దొరికేవి మంచు మీద ఐదు రోజులే. ఐదు రోజుల్లో ఒక రోజు వాతావరణం తినేస్తుందనుకోవాలి. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో మంచే లేక నేల గోధుమరంగులో కనిపించింది. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో గుల్మార్గ్‌లో జరగాల్సిన పోటీలను మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా వేశారు. నాలుగు రోజులే చేతికొచ్చేటట్టయితే బోర్డు నేర్చుకునేవాళ్లు సరిగ్గా అది అర్థమయ్యే రోజున తిరుగు రైలు ఎక్కాల్సి వస్తుంది. అదే వారం కన్నా ఎక్కువ రోజులు, లేదా మళ్లీ వచ్చే ఏడు వెళ్లే వీలు ఉంటే నేను ఎవరికైనా ధైర్యంగా బోర్డు చెప్తాను. రెండు రోజులు ఇది, రెండు రోజులు అది చేద్దామనుకుంటే మాత్రం వద్దంటాను. స్కీ కాలికి నేర్పినది బోర్డు కాలికి పనికిరాదు. రెండింట్లోనూ మొదటి రోజు కష్టమే మిగులుతుంది.

నేర్పేవాళ్లు దొరకడం కూడా చూసుకోవాలి. మన దేశంలో స్కీయింగ్ పాతది. జెరెమీ బుజకోవ్‌స్కీ 1964లో ఇన్స్‌బ్రుక్‌లో స్కీయింగ్‌తోనే భారత్ తరఫున మొదటి వింటర్ ఒలింపియన్ అయ్యాడు. మనాలీ దగ్గరి ఆంచల్ ఠాకూర్ 2018లో తుర్కియేలో కాంస్యం తెచ్చింది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్, గుల్మార్గ్ వాలుల మీద స్కీయింగ్ నేర్చుకున్నవాడు. స్నోబోర్డు దీని ముందు పిల్లది. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ల కోసం రెండు స్కీలు కలిపి కట్టి చేసిన ఆటవస్తువు నుంచి పెరిగి, 1998 నగానోలో గానీ ఒలింపిక్స్‌లోకి రాలేదు. అందుకే గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, మౌంటెనీరింగ్ సంస్థ దగ్గరా, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో, మనాలీ వైపు సోలంగ్‌లో నడిచే కోర్సుల్లోనూ స్కీయింగ్ నేర్పేవాళ్లు సులువుగా దొరుకుతారు. బోర్డుకు మంచి గురువు కావాలంటే ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అప్పటికప్పుడు దొరికిన మనిషి దగ్గర స్కీ నేర్చుకుంటే కొంత వస్తుంది, బోర్డు నేర్చుకుంటే ఎక్కువగా దెబ్బలే వస్తాయి.

పాతకాలంలో మిలటరీలో స్కీ చేసినవాళ్లు ఎవరైనా మీ వీధిలో ఉంటే స్కీ నేర్చుకోవడం నెలల పని అంటారు. వాళ్ల స్కీలు నిటారుగా, మనిషి ఎత్తు దాటి ఉండేవి. 1990లలో నడుము సన్నగా, కొనలు వెడల్పుగా ఉండే స్కీలు వచ్చాక అంచు మీదకు వంచితే పలకే ఒంపు తిరుగుతుంది. కొత్తవాళ్లకు ఇప్పుడు గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చే పొడవు చాలు. వాళ్ల భయాన్ని మీ లెక్కలోకి తెచ్చుకోకండి.

ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పని ఒకటే, చాలా పెద్దది. చిన్నప్పుడు బడిలో మాస్టారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా? రెండింటికీ తొడలు పట్టేసేది అచ్చం ఆ భంగిమలోనే. నెల రోజులు రోజూ పొద్దున ఒక నిమిషంతో మొదలుపెట్టి మూడు నిమిషాల దాకా తీసుకెళ్లండి. తొడలు అలిసిపోయిన మధ్యాహ్నం వేళే ఎక్కువమంది పడతారు. బట్టల్లో నూలు బనియన్లు ఒంటికి తగలకుండా చూసుకోండి, చెమటకు తడిసి ఆరవు, చలి ఎముకల్లోకి దిగుతుంది. మంకీ క్యాప్ హెల్మెట్ కింద పట్టదు, పలచటి టోపీ తీసుకోండి. ఎండ మంచు మీద పడి కళ్లలోకే తిరిగి వస్తుంది, మామూలు చలవ కళ్లద్దాలు కాకుండా పక్కలు మూసే గాగుల్స్ కావాలి.

మా బావ దుబాయ్‌లో పనిచేస్తాడు. అక్కడ 2005లో ఒక మాల్ లోపల తెరిచిన స్కీ దుబాయ్‌లో రెండు గంటలు బోర్డు కట్టుకుని చూసి, ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "మరదలా, మంచు మీద పడిన దానికన్నా పడ్డాక లేవడానికే ఎక్కువ కష్టపడ్డాను" అన్నాడు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు అలా ఒక పూట ముందే రుచి చూసే అవకాశం ఉంది. మనకు లేదు.

చివరికి మా ఇంట్లో సంగతి ఎలా తేలిందంటే, మా వాడు క్యాలెండర్ తెచ్చుకుని మాఘమాసం ముహూర్తాలు లెక్కపెట్టాడు. పుష్యం శూన్యమాసం కాబట్టి వెళ్లడానికి ఖాళీ ఉంది, కానీ తిరిగొచ్చిన వారానికే మొదటి పెళ్లి. అడ్వాన్సులు తీసుకున్నవి పదకొండు.

"ఈసారికి రెండు పలకలే పిన్నీ" అన్నాడు.

అన్న కూతురు కూడా స్కీలకే ఆగింది. నాలుగు రోజుల్లో బోర్డు చేతికి రాదని దానికి అర్థమైంది. మోకాలి కోసం బైండింగు బిగింపు కాగితం మీద రాసి జేబులో పెట్టుకుంటానంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు. బూటు పొడవు అక్కడే కొలవాలని చెప్పి, నా పాత మోకాలి పట్టీ సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఊరెళ్తున్న వాళ్ల చేత విశాఖకు పంపించాను.